మాల వేసుకున్న మూడో రోజు ఒళ్ళంతా సూదులెందుకు?

మూడేళ్ళ కిందట కార్తీకంలో మా బాబాయి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాది అంబాజీపేట పక్క ఊరు, ఆయనది కొబ్బరికాయ వలుపు పని. నిలబెట్టిన గునపం మీద పొద్దుటి నుంచి కాయ వలిచి వలిచి సాయంత్రానికి నడుమూ భుజాలూ హూనమైపోయేవి, ఆ హూనానికి ఒక క్వార్టర్ వేసేవాడు, కొన్నేళ్ళకి అది రెండయింది, ఇంకొన్నాళ్ళకి పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండడానికి ఒక నైంటీ కూడా తోడైంది. అలాంటి మనిషి మాల మెళ్ళో పడిన రోజు నుంచి చుక్క ముట్టలేదు. మొదటి రోజు చెమటలు. రెండో రోజు రాత్రంతా నిద్ర లేదు. మూడో రోజు తెల్లవారుజామున కాలవ రేవులో మొదటి చెంబు నెత్తిన పోసుకున్నాడో లేదో కేక పెట్టాడు. "ఒరేయ్, ఇవి నీళ్ళు కావురా, సూదులురా" అన్నాడు. నల్ల కండువా భుజం మీద వేసుకుంటే మంట. చెప్పుల్లేని కాలి కింద చిన్న చిప్ప పెచ్చు తగిలితే అక్కడే కూలబడ్డాడు, రోజూ కొబ్బరి డొక్కల మీద తిరిగే మనిషి!

గురుస్వామి ఏమో "స్వామి పరీక్ష పెడుతున్నాడు స్వామీ, శరణు చెప్పుకోండి" అన్నారు. పిన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: "నాటకాలు. సాయంత్రానికి మాల తీసి షాపుకి పోవడానికి దారి వేసుకుంటున్నారు." నిజం చెప్పొద్దూ, నేనూ పిన్ని వైపే ఉన్నాను. నేను బీఫార్మసీ చదివి మందుల షాపులో కూర్చునేవాణ్ణి, నాకైనా తెలియాలి కదా. తెలియలేదు. ఆ తర్వాత సిగ్గేసి చదువుకున్నదే ఇదంతా.

ముందు ఒక మాట తేల్చేసుకుందాం, అది నాటకం కాదు. తాగుడు ఆపిన మొదటి రోజుల్లో నొప్పి తెలిసే తీరే మారిపోతుంది. మామూలు నొప్పి రెట్టింపు అనిపించడాన్ని హైపర్ఆల్జీసియా అంటారు, అసలు నొప్పే పుట్టకూడని చోట, అంటే బట్ట తగిలితేనో నీళ్ళు పడితేనో పుట్టే నొప్పిని అలోడీనియా అంటారు. ఎలుకల్లో ఇది చాలాకాలంగా చూస్తున్నారు, వాటి పాదానికి వేడి తగిలిస్తే తాగుడు ఆపిన ఎలుక మిగతా వాటికంటే త్వరగా కాలు లాక్కుంటుంది. మనుషుల సంగతి 2010లో జర్మనీ పరిశోధకులు ప్రచురించారు. మద్యం ఆపి విత్‌డ్రాయల్‌లో, అంటే అలవాటైన మత్తు ఆపగానే ఒళ్ళు పడే బాధలో ఉన్న రోగులు వేడిని మామూలు మనుషులకంటే ముందే నొప్పిగా గుర్తించారు. ఎలుకకి మాల లేదు, షాపుకి పోవాలన్న ఎత్తుగడా లేదు.

అసలు మన భాషకి ఈ సంగతి ముందే తెలుసనిపిస్తుంది నాకు. బ్రాందీ షాపులో అమ్మేదీ మందే, నా షాపులో అమ్మేదీ మందే. ఆల్కహాల్ నిజంగానే నొప్పి తగ్గిస్తుంది, అందులో అబద్ధం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద చేసిన ప్రయోగాలన్నీ కలిపి 2017లో లెక్కవేస్తే, రక్తంలో ఆల్కహాల్ సుమారు 0.08 శాతానికి చేరినప్పుడు నొప్పి తీవ్రత బాగానే తగ్గినట్టు తేలింది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ పరిమితి 30. కాబట్టి నొప్పి తగ్గాలంటే బండి తోలకూడనంత తాగాలి, అదీ ఆ పూటకే. ఒంటికి అలవాటైన కొద్దీ అదే ఉపశమనానికి ఇంకొంచెం పోయాలి. కాయ దించే కార్మికులు, వలిచేవాళ్ళు, చెరువుల్లో వలలు లాగేవాళ్ళు, చేలో నడుం వంచేవాళ్ళు "ఇది వెయ్యకపోతే పడుకోలేమండీ" అంటే మనం సాకు అనుకుంటాం. సగం సాకే అనుకోండి, మిగతా సగం ఫార్మకాలజీ, అంటే మందు ఒంట్లో పనిచేసే తీరు.

మరి ఆ ఉపశమనం ఎక్కడి నుంచి వస్తోంది? ఇక్కడే మన ఒంట్లో ఉన్న ఒక వ్యవస్థ పేరు చెప్పుకోవాలి, ఎండోకన్నాబినాయిడ్ సిస్టమ్. పేరు వినగానే గంజాయి గుర్తొస్తే తప్పులేదు, దొరికిందే అటు నుంచి. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోని శుద్ధంగా వేరు చేశారు. అది మెదడులో ఏ తాళంలో పడే చెవో 1990లో తెలిసింది, దాన్ని సీబీ1 రిసెప్టర్ అంటారు. అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. గంజాయి మొక్క కోసం మన మెదడు తాళం తయారు చేసి పెట్టుకోదు కదా, మరి ఆ తాళానికి సొంత చెవి ఏది? 1992లో మెషూలం దగ్గర పనిచేస్తున్న విలియం డెవేన్, లూమీర్ హనూష్ పంది మెదడులోంచి దాన్ని పట్టుకున్నారు. పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకున్నారు. 1995లో 2-ఏజీ అనే ఇంకోటి దొరికింది. మెదడులో మోతాదు చూస్తే ఆనందమైడ్ కంటే అదే చాలా ఎక్కువ, పేరు మాత్రం పాపం ఫోన్ మోడల్ పేరులా మిగిలిపోయింది.

ఇవి పనిచేసే తీరు డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పడం తేలిక. నరాల్లో కబురు సాధారణంగా ఒకే దిక్కుకి పారుతుంది, ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు కాలవల్లోంచి మన చేలోకి వచ్చినట్టు. ముందు నరం రసాయనం వదులుతుంది, వెనక నరం అందుకుంటుంది. ఎండోకన్నాబినాయిడ్లు దీనికి ఎదురు నడుస్తాయి. చేలో నీళ్ళు ఎక్కువైపోతున్నప్పుడు రైతు ఏం చేస్తాడు, తూము దగ్గర నీళ్ళు వదిలే లస్కరుకి కబురు పెడతాడు, "చాల్లే, షట్టర్ దించు" అని. అచ్చం అలాగే అందుకునే నరం మీద ఒత్తిడి ఎక్కువైనప్పుడు అది తన పొర కొవ్వులోంచే అప్పటికప్పుడు 2-ఏజీని తయారుచేసి వెనక్కి పంపుతుంది. అది వెళ్ళి ముందు నరం మీదున్న సీబీ1కి చెబుతుంది, రసాయనం పారడం తగ్గుతుంది. ఈ ఎదురు కబురు ఉందని 2001లో గట్టిగా రుజువైంది. ముందే తయారుచేసి నిల్వ పెట్టుకోవడం లేదు, అవసరానికి పుడుతుంది, పని అవగానే ఎంజైములు దాన్ని కోసి పారేస్తాయి. ఆనందమైడ్‌ని కోసే ఎంజైము పేరు ఫా. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నొప్పి దారిలో ఈ లస్కర్లు, అంటే సీబీ1లు, అడుగడుగునా ఉంటారు. చర్మం నుంచి వెన్నుపాముకి వచ్చే చోట ఉన్నారు, మెదడు అడుగున పెరీ ఆక్విడక్టల్ గ్రే అనే చోట ఉన్నారు. ఈ రెండో చోటు సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. అక్కడ ఒక తూము మూస్తే ఇంకో కాలవ పారుతుంది, ఆ పారేది నొప్పిని కిందే ఆపెయ్యమని మెదడు నుంచి వెన్నుపాముకి దిగే ఆజ్ఞ. దెబ్బ తగిలిన ఆటగాడు ఆట అయ్యేదాకా నొప్పి తెలియకుండా పరిగెత్తడంలో ఈ దారికి వాటా ఉంది. ఇది బాగా పారితే ఏమవుతుందో స్కాట్లాండ్‌లో ఒకావిడ విషయంలో బయటపడింది. 66 ఏళ్ళప్పుడు చేతికి పెద్ద ఆపరేషన్ అయితే ఆవిడ నొప్పి మందే అడగలేదు. జన్యువులు చూస్తే ఫా ఎంజైము సరిగ్గా పనిచేయని మార్పు ఉంది, రక్తంలో ఆనందమైడ్ మామూలుకంటే ఎక్కువ. 2019లో ఆ వివరాలు ప్రచురించారు. ఆవిడకి టెన్షన్ కూడా తక్కువేనట. ఒళ్ళు కాలితే వాసన వచ్చేదాకా తెలిసేది కాదట, కాబట్టి అసూయ పడక్కర్లేదు.

ఇప్పుడు బాబాయి క్వార్టర్ సంగతికి వద్దాం. ఆల్కహాల్ ఈ వ్యవస్థని తట్టి లేపుతుంది. ఏళ్ళ తరబడి రోజూ పోస్తూ ఉంటే ఎదురు కబుర్లు ఆగకుండా వెళుతూనే ఉంటాయి, "దించు, దించు" అని. రోజుకి వందసార్లు ఫోన్ మోగితే ఎవరైనా ఏం చేస్తారు, తియ్యడం మానేస్తారు. సీబీ1 కూడా అంతే, నరం మీద నుంచి తగ్గిపోతుంది, ఉన్నవి కూడా మందకొడిగా పలుకుతాయి. ఎలుక జాతుల్లో దీన్ని ముందుగా చూపించినవాళ్ళలో బసవరాజప్ప, హుంగుండ్ అని ఇద్దరున్నారు, 1998లో. మనుషుల మెదడు స్కాన్‌లో 2013లో చూశారు. మద్యానికి బానిసలై చికిత్సకి చేరినవాళ్ళకి మొదటి వారంలో తీసిన స్కాన్‌లో సీబీ1 మిగతావాళ్ళకంటే 20 నుంచి 30 శాతం తక్కువగా కనిపించింది. 2 నుంచి 4 వారాలు చుక్క ముట్టనివ్వకుండా ఉంచి మళ్ళీ తీశారు. అప్పటికీ తక్కువే.

ఈ సంఖ్య చదివినప్పుడు నేను కాసేపు ఆగాను. మాల 41 రోజులు. అందులో నాలుగు వారాలు గడిచాక కూడా తూముల దగ్గర లస్కర్లు పూర్తిగా డ్యూటీలోకి రాలేదన్నమాట.

పోనీ కాలవలో నీళ్ళు మామూలుగా ఉన్నాయా అంటే అదీ లేదు. ఆల్కహాల్ మెదడుని అణిచి ఉంచుతుంది కాబట్టి, మెదడు తట్టుకోవడానికి ఉత్సాహపరిచే గ్లుటమేట్ వైపు బలం పెంచుకుంటుంది, శాంతపరిచే గాబా వైపు పట్టు సడలిపోతుంది. మందు ఉన్నంతకాలం లెక్క సరిపోతుంది. ఒక్కసారిగా ఆపితే వరదొచ్చిన రోజే లస్కర్లు లేనట్టు. వణుకు, చెమట, గుండె దడ, ఫిట్స్ అన్నీ ఆ వరదవే, నొప్పి కూడా అందులో కొట్టుకొచ్చిందే. దీనికి తోడు అమిగ్డలా అని భయం, చిరాకు పుట్టే భాగం ఒకటుంది, ఎలుకల్లో చూస్తే అక్కడి నుంచి ఇందాకటి పెరీ ఆక్విడక్టల్ గ్రేకి వెళ్ళే దారి తాగుడుతో బలహీనపడుతుంది. అందుకే ఒంటి నొప్పీ మనసు విసుగూ విడివిడిగా రావు. బాబాయి ఆ మూడో రోజు కాఫీ గ్లాసు గోడకేసి కొట్టాడు, ఎప్పుడూ పిల్లల మీద కూడా గొంతెత్తని మనిషి.

ఇక్కడిదాకా చదివి "అయితే ఎండోకన్నాబినాయిడ్లు పెంచితే సరి" అనుకుంటే ఒక చిక్కుంది. లేటరల్ హబెన్యూలా అని మెదడులో చిన్న చోటు, నిరాశకి సంబంధించింది. తాగుడు ఆపిన ఎలుకల్లో ఆ ఒక్క చోట సీబీ1ని తట్టి లేపితే నొప్పి తగ్గింది, తాగడమూ తగ్గింది. కానీ అది మందుని నేరుగా ఆ ఒక్క చోటే ఎక్కించి చూసింది, బిళ్ళ మింగితే అది మెదడంతా చేరుతుంది. ఇది ఉప్పులాగా ఒక చిటికెడు కలిపేస్తే అంతటా సరిపోయే వ్యవహారం కాదు, ఏ తూము అన్నదే లెక్క.

మందుల కంపెనీలు ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి. సీబీ1ని మూసేసే రిమోనాబంట్ అనే మందు 2006లో యూరప్‌లో బరువు తగ్గడానికి వచ్చింది. ఎలుకల్లో అది తాగుడు కూడా తగ్గించింది, మనుషుల మీద చూస్తే తాగుడుకి పెద్దగా పనిచేయలేదు, పైగా బరువు కోసం వాడినవాళ్ళలో కొందరికి డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో వెనక్కి తీసేసుకున్నారు. రెండో వైపు నుంచి, అంటే ఫాని ఆపి ఆనందమైడ్‌ని నిలబెట్టే మందులూ చేశారు. ఎలుకల్లో విత్‌డ్రాయల్ ఆందోళన తగ్గింది. మనుషుల్లో మోకాలి కీళ్ళ నొప్పికి ఇచ్చి చూస్తే ఒకటి పనిచేయలేదు. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్‌లో ఇంకొకటి పరీక్షిస్తుంటే ఆరోగ్యంగా ఉన్న ఒక వాలంటీరు చనిపోయాడు. ఆ మందు ఫాతో ఆగకుండా ఇంకా కొన్ని ఎంజైముల మీద పడిందని తర్వాత తేలింది. ఈ రోజుకి విత్‌డ్రాయల్ నొప్పికని ఎండోకన్నాబినాయిడ్ మందు ఏదీ మందుల షాపులో లేదు. ఉందని ఆన్‌లైన్‌లో నూనె సీసాలు అమ్మేవాళ్ళ మాట నమ్మకండి.

గంజాయి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్ళు కౌంటర్ దగ్గర చెవిలో అడుగుతారు, "అన్నయ్యా, మందు మానేసి అది లాగితే నొప్పులు రావంట కదా" అని. చట్టం వైపు నుంచి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, జైలు. దాన్ని పక్కన పెట్టి సైన్స్ వైపు నుంచి చూసినా, రోజూ గంజాయి తాగేవాళ్ళ మెదడులోనూ సీబీ1 తగ్గిపోతుంది. అసలే లస్కర్లు తక్కువైన చోట ఉన్నవాళ్ళని కూడా పంపించేసినట్టు. గంజాయి ఆపితే నాలుగు వారాల్లో చాలా భాగాల్లో కోలుకుంటుందని స్కాన్లు చెప్పాయి, ఆ లెక్కన మద్యం దెబ్బే మొండిది.

నా కౌంటర్ దగ్గర నిజంగా జరిగేది వేరు. మందు మానేసిన మనిషి రెండో రోజు వచ్చి "ఒళ్ళు నొప్పుల బిళ్ళ గట్టిది ఇవ్వండి" అంటాడు. పారాసెటమాల్‌కీ ఈ కథకీ చుట్టరికం ఉంది, కోవిడ్ రోజుల్లో మనమంతా మింగిన డోలోలో ఉన్నది అదే. అది మెదడుకి చేరాక అక్కడ ఏఎం404 అనే రసాయనంగా మారుతుంది, ఆ మార్పు చేసేది ఇందాకటి ఫా ఎంజైమే. నొప్పి తగ్గడంలో కొంత పని ఆ ఏఎం404 చేసేదే. కానీ రోజూ తాగే మనిషి లివర్‌లో పారాసెటమాల్‌ని విషంగా మార్చే ఎంజైము పెరిగి ఉంటుంది. తాగుతున్నంతసేపూ ఆల్కహాలే ఆ ఎంజైముకి అడ్డం పడుతుంది, ఆపిన మొదటి రోజుల్లో ఎంజైము ఇంకా ఎక్కువగానే ఉంటుంది, అడ్డం మాత్రం తొలగిపోతుంది. అంటే సరిగ్గా నొప్పులెక్కువై బిళ్ళలు ఎక్కువ మింగే రోజులే లివర్‌కి గండం. అలాంటివాళ్ళకి రోజుకి 2 గ్రాములు దాటొద్దంటారు, 650 బిళ్ళలయితే మూడు. డైక్లో లాంటి నొప్పి మందులు కడుపులో రక్తస్రావం తేవచ్చు. ట్రమడాల్ అయితే ఫిట్స్ వచ్చే మనిషికి ఇంకొంచెం తోసినట్టే. ఆ మూడో రోజు మా ఊరి ఆరెంపీ చేతిలో డైక్లో ఇంజెక్షన్ పట్టుకుని ఉండగా నేనే ఆపాను, ఎందుకు ఆపానో అప్పటికి పూర్తిగా తెలిసి కాదు, బాబాయి కళ్ళు పచ్చగా కనిపించాయి, అంతే.

అన్ని నొప్పులూ ఈ ఖాతాలోకే రావు, అదీ చెప్పాలి. ఏళ్ళ తాగుడుకి నరాలే పాడై అరికాళ్ళలో మంట, తిమ్మిరి వస్తాయి, అది వారంలో పోయేది కాదు. తిండి మానేసి తాగేవాళ్ళకి బీ1 విటమిన్ అడుగంటుతుంది. మన సర్కారు జిల్లాల వాళ్ళకి ఈ లోపం కొత్త కాదు, మిల్లులో తెల్లగా పట్టిన బియ్యం ఒక్కటే తిని బెరిబెరి తెచ్చుకున్న ప్రాంతం ఇది, వైద్య చరిత్రలో ఉత్తర సర్కారులకి ఆ జబ్బుతో కూడా పేరు పడింది. పాలిష్ అన్నం, పక్కన క్వార్టర్, కూర లేదు, ఇంకేం మిగులుతుంది ఆ నరాలకి?

బాబాయిని ఆ మధ్యాహ్నం ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు చెయ్యి చాపమన్నారు, వేళ్ళు వణుకుతుంటే చూసి, "ఫిట్స్ రాలేదు, నయం" అన్నారు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్, అంటే లేనివి కనపడడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, జ్వరం. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా అందులోనే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి షాపులు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా పోటెత్తారో పేపర్లలో చూశాం, భక్తితో ఆపినా బంద్‌తో ఆపినా ఒంటికి ఒకటే. బీ1 ఇంజెక్షన్ చేశారు, దాని తర్వాతే గ్లూకోజ్ పెట్టారు. క్లోర్‌డయాజిపాక్సైడ్ రాసి రోజురోజుకీ తగ్గించుకుంటూ వారంలో ఆపెయ్యమన్నారు. అది సడలిన గాబా వైపు కొంచెం పట్టు ఇస్తుంది, వరద తగ్గేదాకా. ఆసుపత్రి దూరమైనవాళ్ళకి 14446 అని మద్యం, మత్తు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, 14416 టెలీ మానస్, ఉచితమే.

పిన్ని ఆసుపత్రి వరండాలో డాక్టరుగారిని అడిగింది, "నొప్పి నిజమేనాండీ?" అని. "నిజమేనమ్మా, మీకూ నాకూ ఉన్నదానికంటే ఎక్కువ నిజం" అన్నారాయన. పిన్ని ఇంకేం మాట్లాడలేదు, ఇంటికొచ్చాక పొయ్యి మీద నీళ్ళు కాచింది. మాలలో వేణ్ణీళ్ళేంటని ఎవరో అంటే, స్వామికి లేని అభ్యంతరం నీకెందుకంది.

తొమ్మిదో రోజు తెల్లారకముందే బాబాయి మళ్ళీ కాలవ రేవుకి వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. చెంబెడు పోసుకుని వణికి, "చల్లగా ఉన్నాయిరా" అన్నాడు. సూదుల మాట ఎత్తలేదు.

జనవరిలో మాల తీశాక ఏమైందంటే, సంక్రాంతి దాకా ఆగాడు. కోడిపందాల దగ్గర మొదలైంది. రెండు నెలలకి మళ్ళీ రోజుకి క్వార్టర్. మరుసటి ఏడాది దసరాలు వెళ్ళగానే, ఎవరూ చెప్పకుండా, మాలకి పది రోజుల ముందే ఆసుపత్రికి వెళ్ళి ఓపీ చీటీ రాయించుకున్నాడు. వయసు మాత్రం రెండేళ్ళు తక్కువ చెప్పాడు, అది వేరే సంగతి.